నడిపయ్య కథలో దొంగకు చావు లేదు

మా నడిపయ్య రాసిన నవలల్లో దుర్మార్గుడు చావడు. చావకపోవడం ఒక్కటే కాదు, వాడు జైలుకు పోడు, వాడి కాలు విరగదు, కనీసం జ్వరమైనా రాదు. పన్నెండు నెలలు అందరి కొంపలూ ముంచి, పదమూడో నెలలో తాపీగా ఇంటికి వస్తాడు. తలుపు తీసే ఉంటుంది. లోపల వేడి వేడి మక్క గట్క, అంటే మొక్కజొన్న సంకటి, గిన్నెలో పచ్చిపులుసు పెట్టి ఉంటాయి. వాడు కూర్చుని తింటాడు. అంతటితో కథ సమాప్తం.

ఒక్క నవలలో ఇలా జరిగితే పోనీలే అనుకోవచ్చు. నేను అక్షరం అక్షరం కూర్చి అచ్చువేసినవి ఏడు. ఏడింటిలోనూ ఇదే వరస. ఐగుప్తు ఎడారిలో జరిగిన కథలోనూ మక్క గట్కే, లండన్ మంచులో జరిగిన కథలోనూ మక్క గట్కే. డిటెక్టివు ఏడు దేశాలు తిరిగి వెతికిన హంతకుడు కూడా ఆఖరికి పీట మీద కూర్చుని పచ్చిపులుసు జుర్రుకున్నాడు. అది కూర్చేటప్పుడు నా చేతిలోంచి సీసపు అక్షరాలు జారి కింద పడ్డాయి. వాటిని ఏరుకోవడానికి గంట పట్టింది.

నా పేరు నారాయణదాస్. ఆర్మూర్ బస్టాండు వెనక సందులో నాకొక ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కే ట్రెడిల్ మిషన్ ఒకటి, నేనొక్కణ్ణి. పెళ్లి పత్రికలు, పసుపు కమిషన్ కొట్ల బిల్లు పుస్తకాలు, దుబాయి పంపిస్తామనే ఏజెంట్ల కరపత్రాలు అచ్చువేసేవాణ్ణి. వాటితోపాటు చర్చి వాళ్ల నెలపత్రిక 'వేకువ గంట'. ఎనిమిది పేజీలు. ఏడు పేజీల్లో పాస్టరుగారి సందేశం, ప్రార్థన కూటాల వివరాలు, పెళ్లి కబుర్లు. ఎనిమిదో పేజీ నడిపయ్య సీరియల్. మాది పొద్దున్నే వెంకటేశ్వర స్వామికి దీపం పెట్టనిదే చాయ్ తాగని ఇల్లు. అయినా ఆ ఎనిమిదో పేజీ కోసం నేను నెలంతా కాచుకుని ఉండేవాణ్ణి. ఆఖరి భాగం రాగానే నెత్తి కొట్టుకునేవాణ్ణి.

నడిపయ్య మార్కెట్లో దడ్వాయి, అంటే రైతు తెచ్చిన పసుపును కాంటా మీద పెట్టి తూకం చెప్పే మనిషి. బాప్తిస్మంలో ఫిలిప్పు అని పేరు పెట్టారు గాని, ఆ పేరుతో పిలిస్తే ఎవరినో పిలుస్తున్నారని ఆయనే పక్కకు చూసేవాడు. సీజన్లో ఆయన చేతులు, చొక్కా, చెవులు, కనుబొమ్మలు అన్నీ పసుపే. కథ కూడా పసుపే, ఎందుకంటే తూకం చీటీల వెనక రాసేవాడు. ఒక సంచికి, ఇంకో సంచికి మధ్య దొరికిన సందులో రెండు వాక్యాలు. అలా నలభై చీటీలు జమ అయితే ఒక భాగం.

ఒకసారి నేను పొరపాటున ఒక చీటీ ముందువైపు కూడా కూర్చేశాను. రోము చక్రవర్తి కోపంగా లేచి డెబ్బై రెండు కిలోల మూడు వందల గ్రాములు అన్నాడని అచ్చయింది. ఒక్క పాఠకుడూ ఇదేమిటని అడగలేదు. మార్కెట్ ఊళ్లో చక్రవర్తి అయినా తూకమే మాట్లాడతాడని అనుకుని ఉంటారు.

ఈ గట్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. ఒకరోజు అడిగేశాను.

"లండన్‌ల పచ్చిపులుసు యాడిదన్నా?"

"ఆకలైతే లండనోడైనా తింటడు సేటూ."

"అది గాదు. నీ కథల సస్పెన్సే లేదు. దొంగకు ఏం గాదని మొదటి నెలనే తెలుస్తది."

నడిపయ్య చెవి మీది పసుపు దులుపుకున్నాడు. "దొంగ దొర్కుతడా లేదా అన్నది పోలీసోళ్ల సస్పెన్సు. ఇంటికొస్తడా రాడా అన్నది నా సస్పెన్సు."

"ఎప్పుడూ వస్తనే ఉన్నడు గద."

"కాయిదం మీదనైతే వస్తుండు," అని ఆయన కాంటా దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. పత్రికలు పోస్టులో వేసిన రోజు సాయంత్రం తప్పకుండా వచ్చి ఒకే ఒక్క మాట అడిగేవాడు, బహ్రెయిన్ కాపీ పోయిందా అని. వేల్పూర్ హన్మయ్య అనే ఆయన అక్కడ కంపెనీలో పని చేసేవాడు, ఆయన పేరు మీద నెలకొక కాపీ వెళ్లేది. ఆర్మూర్ కాపీలు తడిసినా, నిజామాబాద్ కాపీలు చిరిగినా నడిపయ్యకు ఫికర్ లేదు. బహ్రెయిన్ కాపీ పోవాలి, అంతే. రచయితలకు విదేశీ పాఠకుడంటే అంత మోజు ఉంటుంది కాబోలని నేను నవ్వుకునేవాణ్ణి.

ఇక ఆయన ఇంటి తలుపు సంగతి. పగలూ రాత్రీ దానికి గొళ్లెం పడదు. పిల్లులు వచ్చి పాలు తాగిపోయేవి. ఒకసారి ఎవరిదో మేక వచ్చి ఏకంగా రెండు భాగాల సీరియల్ నమిలేసింది. భార్య గంగమణి మొత్తుకున్నా ఆయన వినడు. దొంగలు పడితే ఎట్లా అని నేనంటే, పడితే గట్క తిని పోతరు అన్నాడు. మనిషికి కథ తలకెక్కిందని నాకు రూఢి అయింది.

ఇంకో సంగతి ఉంది, చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గే. ఎనభైలో నడిపయ్య కాంటా కింద ఇనుప ముక్క దొరికింది. తూకపురాళ్ల పళ్లెం అడుగున అతికించి ఉంది. దానివల్ల రైతు పసుపు ప్రతి తూకానికి కిలో తక్కువ చూపించేది. మార్కెట్ అంతా గొడవ. ఏడాది పాటు ఆయన లైసెన్సు తీసేశారు. ఆయన ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆయన పక్కనే సంచులెత్తే తమ్ముడు చిన్నన్న అన్న పరువు పోయిన సిగ్గుతోనే కాబోలు ఊరు విడిచి గల్ఫుకు పోయాడు. ఏడాది తర్వాత నడిపయ్య మళ్లీ కాంటా పట్టుకున్నాడు, రైతులు మెల్లగా మరిచిపోయారు. నేను మరిచిపోలేదు. ఒకసారి గట్క మీద కోపంతో, నీ పాపానికి నువ్వే మాఫీ రాసుకుంటున్నావా అని ఆయన మొహం మీదే అన్నాను. ఆయన నవ్వి, చీటీలు నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.

ఎనభై ఎనిమిదిలో ఆరో నవల ఆఖరికి వచ్చింది. పేరు 'రోము గాదెలో ఇనుప తాళం'. అందులో మార్కసు అనేవాడు చక్రవర్తిగారి ధాన్యం కాంటాలో మోసం చేస్తాడు. నేరం దెమెత్రి అనే అమాయకుడి మీద పడుతుంది. దెమెత్రి పన్నెండు నెలలు చీకటి కొట్లో మగ్గుతూ, నోరు విప్పకుండా ప్రార్థన చేస్తూ కూర్చుంటాడు. మార్కసు మాత్రం ఓడెక్కి పారిపోయి ద్రాక్షపళ్లు తింటుంటాడు. ఆ దెమెత్రి కష్టాలు కూరుస్తుంటే నాకు కళ్లు మండేవి. బస్టాండు చాయ్ హోటల్లో కూడా అదే మాట. హిందువులు, క్రైస్తవులు, తురకలు అన్న తేడా లేదు, మార్కసు చావాలని అందరిదీ ఒకే కోరిక.

ఆఖరి భాగం చీటీలు వచ్చాయి. చూశాను. మార్కసు ఓడ దిగాడు, తలుపు తీసి ఉంది, కొట్లోంచి విడుదలైన దెమెత్రి స్వయంగా గట్క వడ్డించాడు.

నాకు ఒళ్లు మండింది. చీటీలు పక్కన పెట్టాను. మాలాంటి వాళ్లకు కాగితం అక్కర్లేదు, నేరుగా అక్షరాలు చేతిలోకి తీసుకుని వాక్యం కూర్చగలం. మార్కసును రేవులోనే పట్టించాను. నాలుగు రోడ్ల కూడలికి ఈడ్పించాను. ఊరంతా చూస్తుండగా ఉరి తీయించాను. ఉరి ఒక్కటే పన్నెండు పంక్తులు నడిచింది. ఆఖర్న గట్క ఊసు కూడా లేకుండా 'సమాప్తం' అని పెద్ద టైపులో వేశాను. ఆ రోజు ట్రెడిల్ తొక్కుతుంటే కాళ్లకు నొప్పే తెలియలేదు.

పత్రికలు పోస్టులో పడ్డాయి. మూడో రోజు పొద్దున్నే, కాంటా దగ్గర ఒక రైతు నడిపయ్య చేయి పట్టుకుని, మంచిగ సంపినవ్ సారూ, ఇన్నేండ్లకు నీకు బుద్ధొచ్చింది అన్నాడట. నడిపయ్యకు అర్థం కాలేదు. రైతు పత్రిక చూపించాడు. అరవై సంచులు వరసలో ఉండగా కాంటా వదిలేసి నడిపయ్య పరుగెత్తాడు. పదిహేనేళ్లలో ఆయన తూకం మధ్యలో కాంటా వదిలి వెళ్లడం మార్కెట్లో ఎవరూ చూడలేదు.

ప్రెస్సు మెట్టు మీద పసుపు చేతులతో చతికిలబడ్డాడు. తిడతాడని నేను సిద్ధంగా ఉన్నాను. జవాబులు కూడా తయారు చేసుకున్నాను. ఆయన తిట్టలేదు.

"బహ్రెయిన్ కాపీ పోయిందా?"

"మొన్ననే పోయిందన్నా."

ఆయన మొహంలో పసుపు కింద రంగు మారడం నేను చూశాను. లేచి పోస్టాఫీసుకు పోయాడు. టపా సంచి వెళ్లిపోయిందన్నారు. అక్కణ్ణుంచి నిజామాబాద్ బస్సెక్కాడు. ఒక ఉరికి ఇంత రాద్ధాంతమా అని నేను నిర్ఘాంతపోయి, విషయం కనుక్కుందామని వాళ్లింటికి నడిచాను. తలుపు తీసే ఉంది. గంగమణి పొయ్యి ముందు కూర్చుంది, పత్రిక ఆమె ఒళ్లో ఉంది.

"మార్కసును సంపింది నువ్వేనా సేటూ?"

"కథేనక్కా. ఉత్త కథ."

"గా మార్కసు ఎవరనుకున్నవ్? మా మర్ది చిన్నన్న."

ఆమె పొయ్యిలో పుల్ల తోస్తూ, ఏ ఆవేశం లేకుండా, మొత్తం చెప్పింది. ఇనుప ముక్క పెట్టింది చిన్నన్న, ఎవడో దళారి మాట విని. అన్న మీద నేరం పడేసరికి నిజం చెప్పడానికి నోరు రాక బొంబాయి పారిపోయి, అక్కణ్ణుంచి బహ్రెయిన్ చేరాడు. నడిపయ్య నాలుగు ఉత్తరాలు రాస్తే నాలుగూ విప్పకుండానే తిరిగొచ్చాయి. వాటిల్లో తిట్లుంటాయని వాడి భయం. వాడుండే రూములోనే హన్మయ్య ఉంటాడని తెలిశాక, ఉత్తరం చదవనివాడు కథైనా వింటాడేమోనని నడిపయ్య చీటీల వెనక రాయడం మొదలుపెట్టాడు.

"శుక్రువారం శుక్రువారం హన్మయ్య గట్టిగ సదువుతడంట. మా మర్ది మూలకు అటు మల్లి పండుకుంటడంట, ఇంటలేనట్టు. కథ ఒడిసినంక ఒక్కటే అడుగుతడంట, గట్క పెట్టిన్రా అని."

ఆమె ఒళ్లోని పత్రిక మడిచి పక్కన పెట్టింది.

"ఈ ఎండకాలం వస్తనన్నడంట. గిప్పుడు నువ్వు ఉరి తీస్తివి. గది ఇన్నంక ఇగ వస్తడా వాడు?"

నీ పాపానికి నువ్వే మాఫీ రాసుకుంటున్నావా అని ఆ మనిషితో అన్నది నేనే. దెమెత్రి కోసం ఏడ్చి, ఎదురుగా ఉన్న దెమెత్రిని దొంగ అన్నాను. ఆరున్నరేళ్లు ఆ కథ అక్షరం అక్షరం నా వేళ్ల మీదుగా పోయింది, నాకొక్క ముక్క ఎక్కలేదు. ప్రెస్సుకు ఎలా వచ్చానో గుర్తులేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం నడిపయ్య వట్టి చేతులతో తిరిగొచ్చాడు. కాపీ బొంబాయి దారి పట్టింది. నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చోబోతే భుజం పట్టి లేపాడు. నా చొక్కా మీద ఐదు వేళ్ల పసుపు పడింది. ఇప్పుడేం చేద్దామని అడిగాను.

"తాడు తెగిందని రాయి."

"ఉరి అయిపోయిందన్నా. సమాప్తం అని కూడ వేసిన."

"తాడు అన్నంక తెగుతది సేటూ. నువ్వు రాయి."

అప్పటికప్పుడు కూర్చాను. అది ఇలా ఉంది: "సవరణ. గత సంచికలో మార్కసును ఉరి తీసినట్టు అచ్చయింది. అది పూర్తిగా ప్రెస్సు వాళ్ల తప్పు. నిజానికి ఆ తాడు తెగింది. మార్కసుకు చిన్న దెబ్బ కూడా తగలలేదు. ఇంట్లో తలుపు తీసే ఉంది. గట్క పొయ్యి మీద ఉంది. ఎప్పుడొచ్చినా వేడిగానే ఉంటుంది. ఇట్లు, తప్పు చేసిన ప్రింటరు."

దీన్ని పోస్టులో వేసే ఓపిక నాకు లేదు. ఏర్గట్ల దేవన్న ఆ సాయంత్రమే బహ్రెయిన్ పోవడానికి బొంబాయి బస్సెక్కుతున్నాడని తెలిసి బస్టాండుకు పరుగెత్తాను. కిటికీలోంచి ఆయన చేతిలో పెట్టి, పాస్‌పోర్టు పోయినా సరే ఇది పోవద్దు అన్నాను. ఆయన నన్ను భయం భయంగా చూశాడు.

ఆ తర్వాత నెలకు 'వేకువ గంట'లో సవరణ మళ్లీ వేశాను. ఆర్మూర్ పాఠకులు నిర్ఘాంతపోయారు. మార్కసు బతికాడనే సరికి చాయ్ హోటల్లో ఇద్దరు పత్రిక విసిరికొట్టారు. రోము ప్రభుత్వం అంత నాసిరకం తాడు ఎక్కడ కొన్నదని ఒకాయన ప్రెస్సుకు వచ్చి మరీ అడిగాడు. చర్చి పాస్టరుగారు కూడా కాస్త నసిగారు. నేను అందరికీ ఒకే జవాబు చెప్పాను, తాడు అన్నాక తెగుతుంది అని.

ఏప్రిల్ పోయింది, మే పోయింది. బహ్రెయిన్ నుంచి కబురు లేదు. నడిపయ్య కాంటా దగ్గర నిలబడి తూకం చెబుతూనే ఉన్నాడు గాని, చీటీల వెనక ఏమీ రాయడం లేదు. రాయని చీటీ నేను మొదటిసారి చూశాను. దాన్ని చూడలేక తల తిప్పుకున్నాను.

జూన్‌లో, తొలకరి పడి ఆగిన ఒక మధ్యాహ్నం, పెద్ద రేడియో పెట్టె భుజాన పెట్టుకున్న ఒక మనిషి నా ప్రెస్సు గడప ముందు నిలబడ్డాడు. లోపలికి రాడు, పోడు. సన్నగా, నల్లగా ఉన్నాడు. గడ్డంలో తెల్ల వెంట్రుకలు. జేబులోంచి రెండు కాగితాలు తీశాడు. మడతలు పడి చిరుగుపట్టిన ఆ రెండూ నేను అచ్చువేసినవే.

"సేటూ, ఒక ముచ్చట అడగాలె."

"అడుగు."

"తాడు తెగిన కాయిదం ముందు వచ్చింది. ఉరి తీసిన కాయిదం పన్నెండు దినాలకు వచ్చింది." వాడు రెండు కాగితాలూ పక్కపక్కన పట్టాడు. "తాడు తెగినంక మల్ల ఉరి తీసిన్రా?"

దేవన్న విమానంలో పోయాడు. నా ఉరి నింపాదిగా పోస్టులో పోయింది. సవరణ ముందు చేరింది, తప్పు తర్వాత చేరింది. రూములో పన్నెండు రోజులు ఈ తాడు ఎక్కడిదని అందరూ తల బాదుకున్నారట. అంతలో ఉరి వచ్చింది. అది వెనక వచ్చింది కాబట్టి అదే ఆఖరి తీర్పు అని తేల్చారట.

"ఆఖరికి ఉరేనని తెలిసి గూడ వచ్చినవా చిన్నన్నా?"

"తీస్తే తీయని. ఇంటికాడనే తీయిన్రి అని వచ్చిన."

నా కళ్లు నిండాయి. అవి కనపడకుండా ఉండాలని గట్టిగా కసిరాను. "ఉరి ఏసింది నేను. తెంపింది మీ అన్న. ఉరి ముందుది, తెగుడు ఎనకది. పో, గట్క సల్లారుతది."

వాడు పోలేదు. పెట్టె నేను ఎత్తుకుని ముందు నడిచాను. తలుపు తీసే ఉంది. లోపల ఎవరిదో మేక కూడా ఉంది. గంగమణి వాణ్ణి చూసి, చెయ్యి కడుక్కో అని చెంబు అందించింది, పొలం నుంచి వచ్చినవాడికి చెప్పినట్టు. కబురు అంది నడిపయ్య వచ్చాడు. మళ్లీ కాంటా వదిలేసి వచ్చాడు. గడపలో ఆగి, తమ్ముడు తింటుంటే చాలాసేపు చూసి, పచ్చిపులుసుల ఉప్పు సరిపోయిందారా అని అడిగాడు. ఎనిమిదేళ్ల తర్వాత అన్నదమ్ముల మధ్య మొదటి మాట ఉప్పు గురించి కావడం నన్ను ఇంకోసారి నిర్ఘాంతపరిచింది. చిన్నన్న గట్క ముందు కూర్చున్నవాడు అలాగే బోరుమన్నాడు. మర్నాడు పొద్దున మార్కెట్‌కు పోయి, కాంటా పక్కన నిలబడి, ఇనుప ముక్క పెట్టింది నేనే అని హమాలీలకు, రైతులకు అందరికీ వినబడేలా చెప్పాడు.

ఆ రోజు నుంచి నడిపయ్య ఇంటి తలుపుకు గొళ్లెం పడింది. మేక రెండు రోజులు బయట నిలబడి అరిచి, ఆశ వదులుకుని పోయింది.

ఇక రాయడు, అవసరం తీరింది కదా అనుకున్నాను. నెల తిరిగేసరికి నలభై పసుపు చీటీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొత్త నవల. యెరూషలేము నగరంలో ఒక ప్రెస్సు ఉంటుంది. దాని యజమాని మహా కోపిష్టి. నిజం తెలుసుకోకుండా అమాయకులను ఉరి తీయిస్తుంటాడు.

"ఆ కాలంల యెరూషలేముల ప్రెస్సు యాడిదన్నా?"

"ఉంటదిలే సేటూ," అని నవ్వుతూ పోయాడు.

పన్నెండు నెలలు ఆ దుర్మార్గుడి ఆగడాలన్నీ నేనే కూర్చాను. పదమూడో నెలలో వాడు తల వంచుకుని ఆ ఇంటి ముందుకు వచ్చాడు. తలుపు కొట్టకముందే తెరుచుకుంది. ఈసారి నేను ఒక్క అక్షరం మార్చలేదు. కాకపోతే గట్క పక్కన కొద్దిగా మామిడికాయ తొక్కు కూడా వడ్డించాను. తినేది నేనే కదా.